కత్తికన్నా ముందు క్యాలెండర్

మీ ఆడగుర్రం నెలలో ఒక వారం మీ మాట వినడం లేదా? జీను వేయబోతే చెవులు వెనక్కి వాల్చి కాలు ఎత్తుతోందా? పెళ్ళికొడుకును ఎక్కించుకుని పదడుగులు వేసి, ఎదురుగా ఇంకో గుర్రం కనబడగానే తోకెత్తి నిలబడిపోతోందా? బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉంటారు, పెళ్ళివారు మీ వంకే చూస్తుంటారు, మీకేమో తల కొట్టేసినట్టుంటుంది. ఆ రాత్రి ఎవరో ఒకరు సలహా ఇవ్వనే ఇస్తారు: "దాని గర్భసంచి తీపియ్యరాదే అన్నా, పీడ పోతది. ఇప్పుడు కోత లేకుంట మిషన్‌తోనే తీస్తున్నరంట."

మహమ్మద్‌నగర్‌లోనో, ఎల్లారెడ్డిలోనో, బాన్సువాడలోనో ఇలాంటి సలహా విన్నవాళ్ళ కోసమే ఈ అధ్యాయం. మీది బరాత్ గుర్రం కావచ్చు, గొర్రెల మంద వెంట సామాను మోసే తట్టు కావచ్చు, ఇష్టంకొద్దీ సాకుతున్న మార్వాడీ కావచ్చు. సమస్య ఒకటే, దారీ ఒకటే.

ఆ సలహాలో రెండు పొరపాట్లున్నాయి. తీసేది గర్భసంచిని కాదు, అండాశయాలను. నడుము ఎముక కింద, మూత్రపిండాలకు కాస్త వెనగ్గా చెరోవైపు వేలాడే ఆ రెండూ చేసే హార్మోన్లే గుర్రాన్ని ఎదకు తెస్తాయి. గర్భసంచి ఉన్నచోటే ఉంటుంది. రెండో పొరపాటు, కోత లేకపోవడం అనేది అబద్ధం. కోత ఉంటుంది, చిన్నదవుతుంది. డొక్కలో వేలు పట్టేంత రంధ్రాలు రెండు మూడు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పనిముట్లు పంపి చేసే లాప్రోస్కోపీ ఇది. 1990ల నుంచి విదేశాల్లో ఆడగుర్రాలకు ఈ పద్ధతిలో చేస్తున్నారు. మంచి పద్ధతే. కాని తప్పులేని అవయవాన్ని ఎంత చక్కగా తీసినా గుర్రం గుణం మారదు కదా? అందుకే ఈ అధ్యాయంలో సగం ఆపరేషన్‌కు ముందు సంగతులే. ఓపిక లేనివాళ్ళు ఈ సగం వదిలేసి కిందికి పోతారని తెలుసు. పోకండి.

నేరం అండాశయానిదేనా?

1. మూడు విడతలు రాసిపెట్టండి.

ఆడగుర్రం ఎదకాలంలో ఉన్నప్పుడు 21, 22 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆ ఎద అయిదు నుంచి ఏడు రోజులుంటుంది. తర్వాత రెండు వారాలు మామూలుగా ఉండాలి. ఈ లెక్క మీ గుర్రానికి సరిపోతోందా? "నెలకోసారి పిచ్చి లేస్తది సార్" అని నోటితో చెబితే డాక్టర్‌కు ఏమీ తెలియదు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ తీసుకోండి. ముహూర్తాలు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ఇంకా మేలు.

రోజూ రెండే గుర్తులు. తోక ఎత్తి పక్కకు పెట్టడం, వెనక కాళ్ళు ఎడంచేసి కొంచెం వంగి నిలబడటం, కొద్దికొద్దిగా మూత్రం పోయడం, యోని పెదవులు మాటిమాటికీ తెరిచి మూయడం, మగగుర్రం వైపు గుంజుకుపోవడం కనబడితే ఆ తేదీ పక్కన "ఎ" అని రాయండి. ఎద అని అర్థం. చెవులు వాల్చడం, కరవబోవడం, తన్నడం, జీను పట్టీ బిగిస్తుంటే పక్కకు తిరిగి పళ్ళు చూపించడం కనబడితే "కో" అని రాయండి. కోపం. ఆ రోజు గుర్రం ఏం పని చేసిందో పక్కనే ఒక ముక్క.

ఇప్పుడు చదవండి. 5 నుంచి 9 దాకా "ఎ", మళ్ళీ 26 నుంచి 30 దాకా "ఎ" పడ్డాయి. "కో" గుర్తులన్నీ ఆ తేదీల్లోనే ఉన్నాయి. అప్పుడు అండాశయం మీద అనుమానానికి ఆధారం దొరికినట్టే. అలా కాకుండా "కో" గుర్తులు 3, 12, 13, 19 తేదీల్లో పడ్డాయి, చూస్తే అవన్నీ బరాత్ చేసొచ్చిన మర్నాళ్ళు. ఇప్పుడేమంటారు? ఆ గుర్రానికి వీపు నొప్పి. అండాశయాలు రెండూ తీసేసినా 12న తన్నే గుర్రం తన్నుతూనే ఉంటుంది.

ఒక విడత చూసి తేల్చేయకండి. మూడు విడతలు, అంటే రెండు నెలల పైమాట. ఇన్నేళ్ళు భరించినవాళ్ళు ఇంకో రెండు నెలలు ఆగలేరా?

2. మాఘ ఫాల్గుణాల్లో తీర్పు చెప్పకండి.

గుర్రం ఎదకు పగటి నిడివితో సంబంధం ఉంది. పొద్దు పెరిగేకొద్దీ అండాశయాలు నిద్రలేస్తాయి. ఆ లేచే కాలంలో అండాలు పెరుగుతాయి గాని విడుదల కాకుండానే తగ్గిపోతుంటాయి. దాంతో ఎద రెండు మూడు వారాలు ఏకధాటిగా సాగడం, నాలుగు రోజులు ఆగి మళ్ళీ మొదలవడం జరుగుతుంది. ఇది జబ్బు కాదు. మొదటి అండం విడుదలయ్యాక ఎద 21 రోజుల దారిలో పడుతుంది. మన దురదృష్టం ఏమిటంటే మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళ కాలం కూడాను. గుర్రానికి పని ఎక్కువ, గుణం చెడు, యజమానికి ఓపిక తక్కువ, అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. పగటి నిడివిలో తేడా మన దగ్గర పెద్దగా ఉండదు కాబట్టి కొన్ని గుర్రాలు ఏడాది పొడవునా ఎదకు వస్తాయి. మీది ఏ రకమో చెప్పేది కూడా ఆ క్యాలెండరే.

3. చూడి పరీక్ష చేయించండి. పరీక్షల్లో ముందు ఇదే.

నాందేడ్ జిల్లా మాలెగావ్‌లో మార్గశిరం చివర ఖండోబా యాత్రకు గుర్రాల సంత జరుగుతుంది. మన వైపు నుంచి అక్కడికి పోయి గుర్రాలు తెచ్చుకునేవాళ్ళున్నారు. సంతలో కొన్న ఆడగుర్రం అప్పటికే చూడితో ఉండొచ్చు. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. మొదటి నెలల్లో పైకి ఏమీ తెలియదు. చూడితో ఉన్న కొన్ని గుర్రాలు ఎద లక్షణాలు చూపిస్తాయి, కొన్ని మగగుర్రంలా మీదికొస్తాయి. చూడి సమయంలో రక్తంలో మగ హార్మోను పెరగడం కూడా మామూలే. అది తెలియక "గడ్డ ఉన్నట్టుంది" అనుకుని అండాశయాలు తీస్తే, మొదటి రెండు మూడు నెలల చూడి నిలబడదు. కడుపులో పిల్లను పోగొట్టుకోవడానికి డబ్బు కట్టి మరీ పోవాలా?

4. నొప్పి వెతకండి.

అసలు దొంగ ఎక్కువసార్లు దొరికేది ఇక్కడే. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

అలంకారపు జీను చూడండి. జరీ, అద్దాలు, గంటలు, వెండి రంగు రేకులు. పైనుంచి చూస్తే పెళ్ళి కళ. తిరగేసి చూశారా ఎప్పుడైనా? లోపల దూది అణిగిపోయి గట్టిపడి ఉంటుంది. ఒకచోట మేకు మొన బయటికొచ్చి ఉంటుంది. చెమటతో తడిసి, ఎండి, మళ్ళీ తడిసిన గుడ్డ అట్టకట్టుకుపోయి ఉంటుంది. జీను తీసిన వెంటనే వీపు మీద చెమట ఆరక ముందే చూడండి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచేతి మందం పొడి మచ్చ ఉందంటే బరువంతా అక్కడే పడుతోందని. అదే చోట తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే ఆ ఒత్తిడి కొత్తది కాదు. వెన్నుకు రెండు వైపులా బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ పోండి. ఒకచోట గుర్రం వీపు కిందికి దించి తప్పుకుందా? దొరికిందన్నమాట.

ఇలాంటి సందర్భం ఒకటి ఊహించుకోండి. పశువైద్యశాల ముందు ఒక గుర్రం, పక్కన దాని యజమాని.

"ఎద రోజుల్లోనే చేస్తుందా, ఎప్పుడూ చేస్తుందా?"

"ఎప్పుడన్న చేస్తది సార్. జీను ఏస్తె చాలు."

"జీను లేకుండా మేతకు వదిలితే?"

"అప్పుడు మస్తుగుంటది సార్. పిల్లలు కూడ దగ్గరికి పోతరు."

"మరి జీనుతో కోపం గాని కడుపుతో కాదు కదన్నా?"

మాట అంతే. స్కానింగ్‌తో పనిలేకుండా సగం సంగతి తేలిపోయింది.

వీపు ఒక్కటే కాదు. పై దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తుంటే కళ్ళెం లాగినప్పుడల్లా తల ఎగరేస్తుంది. డెక్కలో నాడా వంకరగా పడితే కుంటకపోయినా చిరాకు పడుతుంది. రోజంతా ఖాళీ కడుపుతో నిలబెట్టి సాయంత్రం ఒక్కసారే ఉలవల దాణా పోస్తే జీర్ణాశయంలో పుళ్ళు పడతాయి. పట్టీ బిగించేటప్పుడు కరవబోవడం దాని గుర్తుల్లో ఒకటి. మూత్రంలో మంట ఉన్నా తోకెత్తి కొద్దికొద్దిగా పోస్తుంది, చూసేవాళ్ళకు ఎదలాగే ఉంటుంది. వీటన్నిటికీ మందుంది, మార్గముంది, కత్తి అక్కర్లేదు.

ఈ తనిఖీ లేకుండా డొక్కల మీద వాతలు పెట్టేవాళ్ళు, సారా తాపేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాత పెట్టాక గుర్రం నాలుగు రోజులు నెమ్మదిగా ఉంటుంది నిజమే. కాలిన నొప్పికి కదలక, అంతే.

5. స్కానింగ్, రక్తపరీక్ష.

మీ దగ్గరి పశువైద్యుడితోనే మొదలుపెట్టండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. బర్రెలకు రోజూ చూడి పరీక్ష చేసే చేతికి అండాశయం తడిమి చూడటం కొత్త కాదు. కాని గుర్రం పురీషనాళం బర్రెదానికన్నా సుకుమారం, చిరిగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి గుర్రం కదలకుండా పట్టడానికి, అవసరమైతే మత్తు ఇవ్వడానికి ఒప్పుకోండి. "మా గుర్రం ఏమనదు సార్, కానియ్యండి" అని తొందరపెట్టొద్దు. ఆయన గుర్రాల అనుభవం ఉన్న ఇంకొకరి దగ్గరికి పంపితే చిన్నబుచ్చుకోవద్దు కూడా. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టులు కలిపి 3.4 లక్షలే, 2012లో 6 లక్షల పైచిలుకు ఉండేవి. డాక్టర్ల చేతికి గుర్రం తగలడమే తగ్గిపోయింది.

స్కానింగ్‌లో వెతికేది ముఖ్యంగా ఒక గడ్డను. గ్రాన్యులోసా కణాల గడ్డ అంటారు. ఆడగుర్రాల అండాశయాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మామూలు అండాశయం అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పొడవుంటుంది. గడ్డ ఉన్నది పది దాటిపోయి, ఒక్కోసారి ముప్పై దాకా పెరుగుతుంది. స్కానింగ్‌లో లోపలంతా తేనెపట్టు గళ్ళలా కనిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ ఒకవైపే వస్తుంది, రెండో అండాశయం చిన్నదై ముడుచుకుపోతుంది. గుర్రం మూడు రకాల్లో ఒకలా మారుతుంది: మగగుర్రంలా మెడ బలిసి మిగతా ఆడగుర్రాల మీదికి ఎక్కడం, ఎద ఆగకుండా సాగడం, లేదా నెలల తరబడి అసలు ఎదకే రాకపోవడం. రక్తంలో ఏఎంహెచ్, ఇన్హిబిన్, టెస్టోస్టెరాన్ అనే హార్మోన్లు చూస్తే అనుమానం తీరుతుంది. ఏ ల్యాబ్‌కు, ఎలా పంపాలో డాక్టర్‌నే అడగండి, మనుషుల ల్యాబ్‌లో ఇచ్చి వచ్చిన అంకె చూసి మీరే అర్థం చెప్పుకోకండి.

గడ్డ అని తేలిందా? ఇక తటపటాయింపు వద్దు, ఆ అండాశయం తీయాల్సిందే. ఈ గడ్డ వేరే అవయవాలకు పాకడం అరుదు. తీసిన కొన్ని నెలలకు రెండో అండాశయం మేలుకుంటుంది, ఆ గుర్రం మళ్ళీ చూడి కట్టగలదు.

6. గడ్డ లేదు, ఎద రోజుల్లో మాత్రం భరించలేం అంటారా? మందుతో పరీక్షించండి.

ప్రొజెస్టెరాన్ తరహా మందుతో కొన్నాళ్ళు ఎదను ఆపి చూడొచ్చు. డాక్టర్ రాసిస్తేనే, ఆయన చెప్పిన మోతాదులోనే. ఎద ఆగింది, కోపమూ ఆగింది. అయితే అండాశయాలు తీస్తే గుణం కుదుటపడొచ్చు. ఎద ఆగినా కోపం అలాగే ఉందంటే? నాలుగో సూచనకు వెనక్కి వెళ్ళండి. ఇంత తేలిగ్గా, ఇంత తక్కువ ఖర్చుతో తేలే సంగతిని వదిలేసి నేరుగా ఆపరేషన్ బల్ల గురించి మాట్లాడటం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఒక జాగ్రత్త. ఆల్ట్రెనోజెస్ట్ లాంటి మందును ఆడవాళ్ళు, ముఖ్యంగా గర్భిణులు, ఒట్టి చేతులతో తాకకూడదు. చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది.

ఆపరేషన్ గదిలో

ఇంతదాకా వచ్చాక కూడా ఆపరేషనే దారి అని తేలితే, అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోండి. తెలిస్తే సగం భయం పోతుంది.

గుర్రాన్ని పడుకోబెట్టరు. ట్రెవిస్ అనే చట్రంలో నిలబెట్టి, డెటోమిడిన్ లాంటి మత్తు ఇస్తారు. తల వాలుతుంది, కింది పెదవి వేలాడుతుంది, కాని నాలుగు కాళ్ళ మీదే ఉంటుంది. డొక్క దగ్గర వెంట్రుకలు గీసి, శుభ్రం చేసి, చర్మానికీ కండకూ స్పర్శ లేకుండా సూదిమందు ఇస్తారు. చిన్న రంధ్రంలోంచి కార్బన్ డయాక్సైడ్ నింపి కడుపును కాస్త ఉబ్బిస్తారు, లోపల చూడటానికి చోటు కావాలి గదా. కెమెరా గొట్టం లోపలికి పోగానే తెర మీద పేగులు, వాటి పైన వేలాడుతూ అండాశయం కనిపిస్తాయి. అండాశయాన్ని పట్టి ఉంచే పొరకు కూడా మందు ఇచ్చి, అందులోని రక్తనాళాలను కరెంటు వేడితో మూసేస్తూ కత్తిరిస్తారు. చివరికి ఒక రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి అండాశయాన్ని బయటికి తీస్తారు. గడ్డ పెద్దదైతే ఆ కోతా పెద్దదవుతుంది. "చిన్న రంధ్రమన్నారు కదా" అని తర్వాత వాదనకు దిగొద్దు.

నిలబెట్టి చేయడం ఎందుకు మేలంటే, క్వింటాళ్ళకొద్దీ బరువుండే జంతువుకు పూర్తి మత్తు పెద్ద గండం. ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా పూర్తి మత్తు వల్ల నూటికి ఒకటి దరిదాపుల్లో పోతాయని పెద్ద సర్వేలు చెబుతున్నాయి. మెలకువ వచ్చేటప్పుడు తత్తరపడి లేవబోయి కాలు విరగ్గొట్టుకోవడం అందులో ఒక కారణం. పూర్వం యోని మార్గంలో చేయి పెట్టి, గొలుసు పరికరంతో అండాశయాన్ని నలిపి తెంపేవారు. కంటికి కనిపించదు, రక్తం కారినా తెలియదు. ఇప్పుడు కారే చుక్క కూడా తెర మీద కనిపిస్తుంది.

మీరు చేయాల్సిన పనులు

7. ఫోన్‌లోనే అడగండి.

బండి మాట్లాడుకుని బయల్దేరాక "ఇక్కడ చేయం" అనిపించుకోవద్దు. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆస్పత్రి ఉంది, మలక్‌పేట రేసు గుర్రాలకు వైద్యం చేసే అనుభవజ్ఞులు హైదరాబాద్‌లో ఉన్నారు. ఎవరి దగ్గరికి పోయినా ముందు ఇవి అడగండి: ఆడగుర్రాలకు ఈ ఆపరేషన్ చేశారా, మీరేనా చేసేది? నిలబెట్టి చేస్తారా? కెమెరా గొట్టం గుర్రాలకు సరిపోయే పొడవుందా? మనుషుల ఆస్పత్రి గొట్టం అడుగు పొడవుంటుంది, గుర్రం డొక్క దాటి అవతల అందుకోవడానికి అది చాలదు. రక్తం ఆగకపోతే అప్పటికప్పుడు కడుపు కోసి ఆపడానికి సిద్ధంగా ఉంటారా? ఆ రాత్రి గుర్రాన్ని చూసేదెవరు?

ఇవి అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటమా? చేయగలిగినవాళ్ళు సంతోషంగా చెబుతారు. ఇంకో ఊరికి, ఇంకో రాష్ట్రానికి పంపితే అది కూడా మీ మేలుకే. ఖర్చు ఊరిని బట్టి, పరికరాలను బట్టి మారుతుంది. రానూపోనూ బండి కిరాయి, పని లేని నెల రోజుల దాణా కూడా ఆ లెక్కలో కలపడం మరవకండి.

8. పుష్యమాసం చూసుకోండి.

ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు వారాలు గుర్రం ఎవరినీ మోయకూడదు. పెళ్ళిళ్ళ మధ్యలో పెట్టుకుంటే ఏమవుతుందో మీకే తెలుసు. అడ్వాన్సు తీసుకున్న బరాత్ కోసం కుట్లు ఆరకముందే జీను వేస్తారు. శూన్యమాసమైన పుష్యంలో ముహూర్తాలుండవు, చలి వల్ల ఈగలు తక్కువ, చాలా గుర్రాల అండాశయాలు కూడా అప్పుడు నిద్రలో ఉంటాయి. ఆషాఢంలోనూ ఖాళీయే గాని వానకు బురద, ఈగలు, పుండులో పురుగులు. మూఢం ఎప్పుడొస్తుందో కూడా చూసుకోండి, అదీ కలిసొస్తుంది. గడ్డ ఉన్నదానికి మాత్రం మాసం చూడొద్దు.

9. ప్రయాణం.

మహమ్మద్‌నగర్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా మెదక్, నర్సాపూర్ దాటి హైదరాబాద్ పోయే 765డి జాతీయ రహదారి మీకు దగ్గర దారి. డీసీఎం మాట్లాడుకుంటే అడుగున ఇసుకో రబ్బరు చాపో పరవమనండి; ఒట్టి రేకు మీద డెక్కలు జారతాయి. తాడు పొట్టిగా, తల పైకి ఉండేలా కట్టొద్దు. గంటల తరబడి తల దించుకోలేకపోతే ముక్కులో, గొంతులో చేరిన దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంటుంది. మెదక్ దగ్గర ఆపి, నీళ్ళు పెట్టి, పది నిమిషాలు తల దించుకోనివ్వండి. ఒకరోజు ముందే చేరుకోవడం మంచిది. ధనుర్వాతం టీకా ఉందో లేదో ముందే చూసుకోండి, గుర్రాలకు ఆ జబ్బు తేలిగ్గా సోకుతుంది. కొన్నిచోట్ల గ్లాండర్స్ పరీక్ష కాగితం అడుగుతారు. అది మనుషులకూ అంటే రోగం కాబట్టి విసుక్కోవద్దు.

10. పస్తు అంటే పస్తే.

ఆపరేషన్‌కు ముందు సాధారణంగా ఒక రోజు నుంచి రోజున్నర మేత ఆపమంటారు. నీళ్ళు ఆపరు. గుర్రం పెద్దపేగు ఎంత విశాలమంటే, నిండుగా ఉంటే కెమెరాకు పేగే అడ్డం పడుతుంది. రంధ్రం పెట్టేటప్పుడు దానికే పోటు పడే ప్రమాదం కూడా ఉంది. ఇంతటి ఏర్పాటునూ పాడుచేసేది ఎవరో తెలుసా? గుర్రాన్ని అందరికన్నా ఎక్కువ ప్రేమించేవాళ్ళే. రాత్రి పదింటికి అది సకిలిస్తుంది, గిట్టతో నేల గీరుతుంది, మొహంలోకి చూస్తుంది. "పొద్దటి సంది ఏం తినలేదు పాపం" అని గుప్పెడు శనగలు, చిన్న బెల్లం ముక్క. పొద్దున డాక్టర్ అడిగితే "ఏం పెట్టలే సార్." కాళ్ళ కింద పరిచిన గడ్డిని అది తినేసినా ఇదే కథ. గడ్డి తీసేయండి, మూతికి చిక్కం కట్టండి. పెట్టడం జరిగిపోతే దాచకుండా చెప్పండి. మహా అయితే వాయిదా వేస్తారు.

11. మొదటి మూడు రోజులు కళ్ళు తెరుచుకుని ఉండండి.

మత్తు పూర్తిగా దిగేదాకా నోటికి ఏమీ పెట్టొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. తర్వాత కొద్దికొద్దిగా పచ్చగడ్డి, డాక్టర్ చెప్పినప్పుడే దాణా. ఆకలి తీర్చాలని ఒక్కసారే ఉలవలు పోస్తే కడుపునొప్పి ఖాయం. లద్ది ఎన్నిసార్లు వేసిందో లెక్కపెట్టండి. ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, గుండె నిమిషానికి 60 సార్లకు పైగా కొట్టుకున్నా (విశ్రాంతిలో 28 నుంచి 44 ఉండాలి), చిగుళ్ళు తెల్లబడినా, పదేపదే డొక్క వైపు చూసి పొర్లినా వెంటనే ఫోన్ చేయండి, తెల్లవారేదాకా ఆగొద్దు. కోత చుట్టూ చర్మం కింద గాలి చేరి, నొక్కితే చిటపటలాడటం మాత్రం కనిపించవచ్చు. లోపల నింపిన గాలే అది, కొన్ని రోజుల్లో ఇంకిపోతుంది.

నొప్పి మందు డాక్టర్ ఇచ్చిందే వాడండి. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చి పొడవకండి. రాబందుల చావుకు కారణమైందని 2006లోనే పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. తలనొప్పికి మీకు పనిచేసిన సూది గుర్రానికి పనికిరావాలని ఏముంది?

12. పనికి ఎప్పుడు?

కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా సాలలోనే. రోజూ కాసేపు పగ్గం పట్టుకుని నడిపించడం మంచిది. నిజాంసాగర్ కాలువలో దించి కడగడం, మిగతా గుర్రాలతో వదలడం వద్దు. కుట్లు తీశాక కూడా మొదట బరువు లేకుండా, తర్వాత జీను మాత్రం వేసి, ఆ తర్వాతే మనిషిని ఎక్కించండి. మొదటి బరాత్‌కు డీజే లేని చిన్న పెళ్ళి ఒప్పుకుంటే మేలు.

ఇక గుణం సంగతి. రెండు అండాశయాలూ తీసినా కొన్ని గుర్రాలు అప్పుడప్పుడు ఎద లక్షణాలు చూపిస్తాయి. మూత్రపిండాల దగ్గరి అడ్రినల్ గ్రంథులు కూడా ఆ రకం హార్మోన్లు కొంత విడుదల చేస్తాయి కాబట్టి. ఆపరేషన్ విఫలమైందని డాక్టర్ మీదికి పోకండి. గడ్డ కోసం ఒక్కటే తీయించినవాళ్ళు, తీసిన అండాశయాన్ని ల్యాబ్‌కు పంపమని అడిగి ఆ రిపోర్టు దాచుకోండి. రెండో అండాశయం మేలుకోవడానికి ఆరేడు నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టొచ్చు. ఈలోగా దాటించడానికి తొందరపడితే చూడి నిలవదు.

13. అమ్మేటప్పుడు చెప్పండి.

రెండు అండాశయాలు తీసిన గుర్రం ఇక పిల్లను కనదు. డొక్క మీద వెంట్రుకలు మొలిచాక మచ్చ ఎవరికీ కనబడదు. మాలెగావ్‌లో మీ దగ్గర కొనేవాడు మంచి మార్వాడీ పిల్ల కోసమే అడుగుతుంటే, బేరం కుదరకముందే ఆపరేషన్ కాగితం తీసి అతని చేతిలో పెట్టండి. నెమ్మదిగా నడిచే గుర్రం కావాలనే బరాత్ వాళ్ళూ అదే సంతలో ఉంటారు. వాళ్ళకు ఆ కాగితమే ధర పెంచుతుంది.